ఎర్ర ఇంటు పడిన పిల్లలు

ఇరవై ఏడేళ్ళకే రిటైరయ్యానని నేనంటే మా నాయన నవ్వుతాడు. మార్కాపురంలో ఆయనది గాజుల అంగడి. "రిటైరైనోళ్ళు అరుగు మీద కూర్చొని పేపరు చదువుకుంటారు. నువ్వు పోయి ఆ గాజులు సైజు ప్రకారం సర్దు," అంటాడు. సర్దుతూనే ఉన్నాను. కానీ మూడేళ్ళు చేసిన పని ముగిసింది, మిషను అప్పజెప్పాను, దాని తాళంచెవి కూడా ఇచ్చేశాను. దీన్ని ఇంకేమనాలో నాకు తెలియదు.

నేను చేసింది బడిపిల్లల ఊపిరి కొలిచే పని. పిల్లలు ఒక్క ఊపున ఎంత గాలి ఊదగలరో, ఎంత వేగంగా ఊదగలరో మిషను చెబుతుంది. దుమ్ము లేని రోజున ఒకసారి, దుమ్ము రేగిన రోజున ఒకసారి అదే పిల్లచేత ఊదించి, రెండింటికీ తేడా ఎంత, ఆ తేడా ఎన్ని రోజులకు సర్దుకుంటుంది అని చూడడం మా పరిశీలన. మా బడి ఊరి చివర ఉంది. దాని వెనకే పలకలు కోసే షెడ్లు. తెలుగు నేల మీద ఎంతమంది మా ఊరి పలక మీద అక్షరాలు దిద్దారో లెక్క లేదు. ఆ పలకను రంపం కోసేటప్పుడు లేచే పొడి ఎక్కడికి పోతుందో ఆ దిద్దినవాళ్ళెవరికీ తెలియదు. మా బడిలో కిటికీ పక్కన కూర్చునే పిల్లలకు తెలుసు. పొద్దున్నే బెంచీ మీద వేలితో పేరు రాసుకోవచ్చు.

వచ్చే జూన్ నుంచి పొదిలి అమ్మాయి ఒకామె నా చోటికి వస్తుంది. ఫోను చేసి, "అక్కా, ఏం చేయాల్నో ఒక కాగితం మీద రాసిస్తావా?" అని అడిగింది. ఒక కాగితం సరిపోలేదు.

గొంతు

ట్రైనింగులో మిషను గురించి మూడు రోజులు చెప్పారు. గొంతు గురించి ఎవరూ చెప్పలేదు.

పిల్ల కుర్చీలో నిటారుగా కూర్చుంటుంది. ముక్కుకు క్లిప్పు పెడతాం. నిండా గాలి పీల్చి, అట్టగొట్టాన్ని పెదాలతో గట్టిగా పట్టుకొని, ఒక్కసారిగా ఊది, ఇక గాలి లేదనిపించాక కూడా ఊదుతూనే ఉండాలి. ఏ పిల్లా తనంతట తాను అలా ఊదదు. పక్కన ఉన్న మనిషి అరవాలి. "ఊదు, ఊదు, ఊదు, ఆపొద్దు, ఇంకా, ఇంకా!" అని ఊపిరి చివరి దాకా అరవాలి. అరవకపోతే పిల్ల సగంలో ఆపేస్తుంది. అంకె తక్కువ వస్తుంది.

నాకు అరవడం రాదు. కాలేజీలో హాజరు పిలిస్తే నేను పలికినా వినపడక ఆబ్సెంటు వేసిన రోజులున్నాయి. నలుగురిలో మాట్లాడాల్సింది ఇంటికొచ్చి డైరీలో రాసుకునే రకం నేను. మా జట్టులో ఇంకో మనిషి ఖాజా అన్న. యాభై దాటాయి. బడి మిద్దె మీద దుమ్ము కొలిచే పెట్టె చూసుకోవడం ఆయన పని. మమ్మల్ని తిప్పే ఆటో కూడా ఆయనదే. మొదటి వారం తలుపు దగ్గర నిలబడి చూసి అన్నాడు:

"ఏంది చెల్లెమా, పరీక్ష చేస్తున్నావా, జోలపాట పాడుతున్నావా? ఆ పిల్లోడు ఆవులిస్తున్నాడు చూడు."

పిల్లలంతా నవ్వారు. ఆ సాయంత్రం ఇంటి మిద్దె ఎక్కి, నీళ్ళ ట్యాంకుకు ఎదురుగా నిలబడి, "ఊదు, ఊదు, ఇంకా!" అని అరిచాను. మా అమ్మ చేతిలో గరిటతోనే పైకి పరిగెత్తుకొచ్చింది. "ఏమైందే, తేలు గాని కుట్టిందా?" పక్కింటి అత్త దిష్టి తీయమని చెప్పిపోయింది. నెల రోజులు ట్యాంకుతో అరిచాక నాకు గొంతు వచ్చింది. మూడో గదిలో లెక్కలు చెప్పే సారు కూడా, "పాపా, మా పిల్లలు కూడా ఊదుతున్నారమ్మా," అన్నాడు.

రెండో నెల అంకెలన్నీ పెరిగాయి. ఒంగోలు నుంచి మమ్మల్ని నడిపించే డాక్టరు సుభద్రమ్మ గారు ఫోను చేశారు. ఆమె రిటైరైన ఛాతీ డాక్టరు. మాట కరుకు.

"మీ ఊళ్ళో గాలి బాగుపడిందా, నీ గొంతు బాగుపడిందా?"

నిజం చెప్పాను. మొదటి నెల కొలతలన్నీ కొట్టేయించారు. "నువ్వు కూడా మిషనులో ఒక భాగమే అనుకో. ఇవాళ మెల్లగా, రేపు గట్టిగా అరిస్తే అది దుమ్ము తేడా అవదు, నీ తేడా అవుతుంది," అన్నారు. ఇది మాత్రం నీకు మొదటి రోజే చెబుతున్నాను. ఇంట్లో తిట్లు పడిన రోజైనా, జ్వరంగా ఉన్న రోజైనా, ఒకే గొంతు.

రైటు, ఇంటు

పిల్ల ఊదిన ప్రతిసారీ మిషను తెర మీద ఒక గుర్తు పడుతుంది. సరిగ్గా ఊదితే పచ్చ రైటు మార్కు, లేకపోతే ఎర్ర ఇంటు మార్కు. గరిష్ఠంగా ఎనిమిది సార్లు ఊదించవచ్చు. అందులో మూడు రైట్లు రావాలి. రాకపోతే ఆ రోజుకు ఆ పిల్లను పక్కన పెట్టాలి. డాక్టరమ్మకు పంపే షీటులో ఆ పేరే ఉండదు. ఇంకో నియమం కూడా ఉంది. దగ్గు, ఆయాసం ఉన్న పిల్లచేత ఆ రోజు ఊదించకూడదు. మొదటి నియమాన్ని నేను అక్షరాలా పాటించాను. రెండోది గోడ మీద అంటించి మరచిపోయాను.

పిల్లలు రైటును పాసు అన్నారు, ఇంటును ఫెయిలు అన్నారు. డ్రిల్లు సారు వచ్చి, "ఊదేదాంట్లో కూడా ఫెయిలైతే ఎట్లరా మీరు? బెలూన్ల కాడికి పోయి చూడండి, బెత్తెడు పిల్లోడు ఊదుతాడు," అనేవాడు. ఆ మాటను నేను దిద్దలేదు. ఫెయిలవుతామన్న భయంతో పిల్లలు గట్టిగా ఊదుతున్నారు, నాకు పని తేలికవుతోంది. అందుకని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం తర్వాత నా ముందుకే వచ్చి నిలబడింది.

రెండో ఏడు జూన్‌లో కొత్తగా జాబితాలోకి వచ్చిన పిల్లల్లో కాశింబీ ఒకతి. ఎనిమిదో తరగతి. సన్నగా, పొడుగ్గా, రెండు జడలు మడిచి కట్టుకొని వచ్చేది. మొదటి రోజే మిషనును చూడలేదు. నా రిజిస్టరు కింద దాచుకున్న పుస్తకాన్ని చూసింది.

"అక్కా, అది కథల పుస్తకమా?"

"ఊ."

"చదివినాక నాకిస్తావా?"

ఇచ్చాను. నాలుగు రోజుల్లో న్యూస్‌పేపరు అట్ట వేసి తిరిగి తెచ్చింది. ఇంకోటి ఇచ్చాను. మా ఇంట్లో నా పుస్తకాల గురించి మాట్లాడేవాళ్ళు లేరు. కాశింబీ మాట్లాడేది. "ఆ పెద్దాయన చచ్చిపోకుండా రాసుంటే బాగుండు గదక్కా," అనేది. ఆ పిల్ల రోజంతా ఎదురుగా ఉంటే బాగుండుననిపించేది.

కానీ మిషను ముందు కూర్చుంటే అన్నీ ఇంటు మార్కులే. నిండా పీల్చమంటే భుజాలు మాత్రం ఎగరేసేది. పిచ్చుక నీళ్ళు తాగినట్టు కాస్త గాలి తీసుకొని ఊదేది. తెర మీద ఎర్ర ఇంటు. మళ్ళీ ఊదించేదాన్ని. మళ్ళీ ఇంటు. ఇష్టమైన పిల్ల గనుక నాకు కోపం ఎక్కువ వచ్చేది. "చదువులో ఫస్టు, ఇదొక్కటి రాదా నీకు?" అన్నాను ఒకసారి, అందరి ముందూ. తల దించుకుంది.

షీటులో దాని పేరు ఉండేది కాదు. నా డైరీలో ఉండేది. పక్కన పెట్టిన పిల్లల పేర్లు రాయడానికి షీటులో చోటు లేదు, రాయకపోతే నాకు తోచదు, అందుకని డైరీలో రాసుకునేదాన్ని. పేరు పక్కన ఎందుకు పక్కన పెట్టానో ఒక ముక్క. కాశింబీ పేరు పక్కన నాలుగైదు చోట్ల ఒకటే మాట ఉంది: "మాట వినదు."

ఆషాఢం శుక్రవారం

మా వైపు ఆషాఢంలో గాలి పడమటి నుంచి లేస్తుంది. చినుకు పడదు. గాలి మాత్రం పగలంతా కొడుతుంది. షెడ్ల వెనక పోసిన పొడి గుట్టలు ఆ గాలికి లేచి బడి మీదికి వస్తాయి. ఆ శుక్రవారం ఖాజా అన్న మిద్దె దిగి వచ్చి, "పెట్టెలో అంకె చూస్తే నాకే దగ్గొస్తాంది," అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళి ఆటోలో కూర్చున్నాడు.

డాక్టరమ్మకు కావలసింది అలాంటి రోజులే. గాలి రోజుల కొలతలు చాలినన్ని రావడం లేదని ఫోనులో రెండు సార్లు గుర్తుచేశారు. ఆ మధ్యాహ్నానికే చాలామంది పిల్లలు ఇంటు మార్కులతో పక్కకు పోయారు. మిగిలిన వాళ్ళలో ఒక్కరినైనా పోగొట్టుకోకూడదనుకున్నాను. కాశింబీని కూర్చోబెట్టాను.

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అన్నీ ఇంటు మార్కులే. ఆరోసారి ఊదు చివర సన్నగా ఒక కూత వినపడింది. గొట్టం చీలిందేమో అనుకున్నాను. గొట్టం మార్చాను.

చదివే అమ్మాయీ, ఇక్కడ ఆగు. నా మూడేళ్ళ పనిలో చేసిన పెద్ద తప్పు ఈ గొట్టం మార్చడమే.

ఏడోసారి, ట్యాంకు ముందు నేర్చుకున్న గొంతంతా పెట్టి అరిచాను. "నిండా పీల్చు! నిండా! ఎవరికోసం దాచుకుంటున్నావు ఆ గాలి?"

కాశింబీ కిటికీ వైపు చూసింది. నా వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకొని, మొట్టమొదటిసారి, ఛాతీ నిండా పీల్చింది.

ఊదలేకపోయింది. దగ్గు మొదలైంది. ఆ దగ్గు ఆగలేదు. కుర్చీలోంచి ముందుకు వంగి రెండు చేతులూ బెంచీ మీద ఆనించింది. ప్రతి ఊపిరికీ మెడ కింది గుంట లోపలికి లాగుకుపోతోంది. ఇందాక ఒక్కసారి విన్న కూత ఇప్పుడు ప్రతి ఊపిరికీ వినపడుతోంది. మా అవ్వ వాటిని పిల్లికూతలు అనేది. పెదాలు పలక రంగుకు తిరిగాయి. నేను "ఖాజా అన్నా!" అని అరిచాను. బడి మొత్తానికి వినపడిందంటారు. ఆయన వచ్చి పిల్లను ఎత్తుకొని ఆటోలో వేశాడు. నేను పక్కన కూర్చొని దాని వీపు రుద్దుతున్నాను. ఆటో కదిలాక ఆయన అద్దంలో చూసి కేకేశాడు.

"చెల్లెమా, ముందు ఆ క్లిప్పు తీయి!"

ఊపిరి ఆడని పిల్ల ముక్కుకు నేను పెట్టిన క్లిప్పు అలాగే ఉంది.

ఆసుపత్రిలో మూతికి మాస్కు పెట్టి మందు పొగ పట్టారు. అరగంటకు పెదాలకు రంగు వచ్చింది. నేను ఆ క్లిప్పును పిడికిట్లో పట్టుకొని గోడకు ఆనుకొని నిలబడ్డాను. వాళ్ళమ్మ హుస్సేనమ్మ షెడ్డులోంచి పరుగున వచ్చింది. కోసిన పలకలను ఏరి పేర్చే పని ఆమెది. కనుబొమల మీద, రెప్పల మీద పొడి అలాగే ఉంది.

"ఏం జేసినారు నా బిడ్డను?"

ఖాజా అన్న, "ఏం కాలేదు వదినా, తేరుకున్నాది, చూడు," అన్నాడు.

"నిన్ను గాదు అడిగేది. ఈ పాపను."

"నిండా గాలి పీల్చమన్నానమ్మా," అన్నాను.

"ఏడ? ఆ గదిలోనా? ఆ కిటికీ కాడనా?"

తల ఊపాను. ఆమె పిల్ల పక్కన మంచం మీద కూర్చుంది. కోపంగా కూడా అనలేదు ఆ తర్వాతి మాటలు.

"నడక వచ్చినకాడ్నుంచి దానికి నేను చెప్పేది ఒక్కటే గదమ్మా. షెడ్ల కాడ నిండా తీయొద్దే, పైపైన తీసుకో, కల్వర్టు దాటినాక తీసుకో అని. మా అమ్మ నాకు చెప్పింది, నేను దీనికి చెప్పినా. ఆ మాట ఇన్నందుకు నువ్వు రోజూ తిడితివంట. ఈ పొద్దు నీ మాట ఇన్నాది."

కారం మిల్లు

ఇంటికొచ్చి డైరీ తీశాను. "మాట వినదు" అని రాసిన చోట్లు వెతికి కొట్టేద్దామనుకున్నాను. వెతుకుతుంటే ఇంకొకటి కనపడింది. గాలి లేని రోజుల పేజీల్లో పక్కన పెట్టిన పేర్లు రెండు మూడు వరుసల్లో అయిపోతున్నాయి. గాలి రోజుల్లో పేర్లు పేజీ దాటి పక్క పేజీకి పోతున్నాయి. ఏడాది పొడుగునా అంతే. పేర్లు కూడా చాలావరకు అవే.

షీటుల్లో ఉన్నది ఊదగలిగిన పిల్లల అంకెలు మాత్రమే. దుమ్ము ఎంత ఎక్కువైతే అంతమంది బలహీనులు షీటులోంచి జారిపోయారు, బలమైనవాళ్ళు మిగిలారు. ఆ షీటులు చూసే, మొదటి ఏడు ముగిశాక, డాక్టరమ్మ బడిలో పెట్టిన సమావేశంలో "గాలి రోజుల్లో పెద్ద తేడా కనిపించడం లేదు" అని చెప్పారు. షెడ్ల యజమానులు ఆ మాటను ఊరంతా చెప్పుకున్నారు.

సోమవారం ఆమె వచ్చారు. ఆ పేర్లన్నీ తెల్లకాగితాల మీద శుభ్రంగా ఎత్తి రాసుకొని వెళ్ళాను. చూసి పక్కన పెట్టారు.

"నకలు నాకెందుకు? ఏ రోజు రాసింది ఆ రోజు రాతలోనే చూడాలి. డైరీ ఇవ్వు."

ఆ డైరీ మా అమ్మ కూడా చూడలేదు. అందులో ఏముందో నాకు తెలుసు. అయినా ఇచ్చాను. నా ఎదుటే చదివారు. ఒక చోట ఆగి, కళ్ళద్దాలు సర్దుకొని, పైకి చదివారు.

"'డాక్టరమ్మ నోరు తెరిస్తే కారం మిల్లు తలుపు తెరిచినట్టే.' ఇది నేనేనా?"

"అవును మేడమ్."

"మిల్లు బాగుంది," అని పేజీ తిప్పారు.

గాలి రోజుల పేజీలకు గుర్తుగా అగ్గిపుల్లలు పెట్టుకుంటూ పోయారు. చివరికి డైరీ మూసి, "తీసేసిన వాళ్ళెవరని నేను ఒక్కసారి కూడా అడగలేదు," అన్నారు. "ఊదలేని వాళ్ళకోసమే కదమ్మా నేనీ చదువు చదివింది. వాళ్ళనే వదిలేసి లెక్క కట్టాను."

నాకు ఏడుపొచ్చింది. దాన్ని కూడా ఆమె ఎక్కువసేపు ఉంచలేదు.

"కూత వినపడ్డాక ఇంకోసారి ఎట్లా ఊదించావు?"

"గొట్టం చీలిందనుకున్నాను మేడమ్."

"గొట్టం కూయదు. పిల్లలు కూస్తారు. రాసుకో."

ఆ డైరీలోనే, ఆమె ఎదుటే రాసుకున్నాను. నువ్వూ రాసుకో.

పై అధికారుల గురించి నా అభిప్రాయం అడిగితే ఇంతే చెబుతాను. తిట్టేవాళ్ళు చాలామంది దొరుకుతారు. తప్పు తమదైన రోజున నలుగురి ఎదుట ఆ మాట చెప్పేవాళ్ళ దగ్గర పని నేర్చుకో. ఆమె మళ్ళీ సమావేశం పెట్టించారు. హెడ్మాస్టరు, తల్లిదండ్రులు, షెడ్ల వాళ్ళు వచ్చారు. తన పాత మాట తప్పని లేచి నిలబడి చెప్పారు. ఒక షెడ్డు యజమాని నవ్వాడు.

"మొన్న లేదంటిరి, ఇయ్యాల ఉందంటారు. మేం ఏ మాట నమ్మాల మేడమ్?"

"ఇవాళ్టిది నమ్మండి. మొన్న నేను బాగున్న పిల్లల్నే లెక్కపెట్టాను."

వెనక వరుసలోంచి హుస్సేనమ్మ లేచింది. "రంపానికి నీళ్ళు పెట్టమనండి సారూ. షెడ్లు మూయమని మాత్రం ఎవురూ అనొద్దు," అంది. ఒక్క షెడ్డులో నీళ్ళ పైపు పెట్టారు. ఎండాకాలం మా ఊళ్ళో తాగడానికే నీళ్ళు ట్యాంకర్లలో వస్తాయి, అప్పుడు ఆ పైపు ఎండిపోతుంది. మా పరీక్ష గదిని బడికి రెండో వైపుకు మార్చారు. షీటులో పక్కన పెట్టిన పిల్లలకు కూడా వరుస పెట్టారు, కారణంతో సహా. గొప్ప విజయమేమీ కాదు. ఇంతే జరిగింది.

బేస్తవారిపేటలో

కానీ కాశింబీ సంగతి తేలలేదు. ఆసుపత్రి చీటీలో జలుబు, దగ్గు అని రాసి పంపారు. డాక్టరమ్మకు అది ఉబ్బసమని అనుమానం. "ఒక్క మంచి ఊదు కావాలి. అది లేకుండా ఏ మందు, ఎంత, ఎన్నాళ్ళు అని గట్టిగా చెప్పలేను," అన్నారు. వాళ్ళ నాయన ఒప్పుకోలేదు. ఆయన రంపం దగ్గర పనిచేస్తాడు. "ఆ మిషనుతోనే నా బిడ్డకు జబ్బొచ్చింది. మళ్ళీ దాని కాడికి తెస్తే మిషను పగలగొడతా," అన్నాడట. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ రోజు వరకూ పిల్ల బాగానే ఉందని అందరం అనుకున్నాం కదా.

తర్వాతి రెండు నెలలు నాకు బడి గేటు దాటగానే ఒకటే పని. ఎనిమిదో తరగతి వరండాలో దాని చెప్పులున్నాయా లేవా చూడడం. గాలి లేచిన మర్నాడు చెప్పులు లేకపోతే ఎందుకు రాలేదో దాని పక్క బెంచీ పిల్లల్ని అడిగేదాన్ని. ఉంటే గదిలోకి తొంగి చూసేదాన్ని. అది నన్ను చూసి నవ్వేది. పుస్తకం మాత్రం అడిగేది కాదు. నా దగ్గరికి పోవద్దన్నారని ఖాజా అన్న చెప్పాడు.

దసరా సెలవులకు ముందు ఒకరోజు హుస్సేనమ్మ మా అంగడికి వచ్చింది. గాజులు చూస్తున్నట్టు నిలబడి, మా నాయన లోపలికి పోయాక అంది.

"రెండు దినాలుగా పిల్లకు కూత వస్తాంది. తలగడ ఎత్తుగా పెడితే గాని పండుకోలేకున్నాది. సెలవులకు బేస్తవారిపేట కాడ మా చెల్లెలింటికి పోతాది. ఆడ షెడ్లు లేవు, పొడి లేదు. నీ మిషను ఆడికి తెచ్చుకుంటే ఊదుతాది. వాళ్ళ నాయనకు నేను చెప్పుకుంటాలే."

వెళ్ళాం. ఖాజా అన్న ఆటో, మిషను, నేను. డాక్టరమ్మ మందు తీసుకొని ఒంగోలు నుంచి బస్సులో వచ్చారు. పొలాల అంచున ఇల్లు. వసారాలో ఒక కుర్చీ వేశారు. డాక్టరమ్మ ముందు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. ఇక్కడికొచ్చిన నాలుగు రోజులకు కూత తగ్గింది. "ఊదనివ్వచ్చు. నేను ఆపమంటే ఆపాలి," అన్నారు.

క్లిప్పు పెట్టే ముందు నేను దాని పక్కన కింద కూర్చున్నాను. "ఇక్కడ నిండా పీల్చొచ్చా?" అని అడిగాను.

కాశింబీ వాళ్ళమ్మ వైపు చూసింది. హుస్సేనమ్మ బయటి పొలం వైపు ఒకసారి చూసి, తనే ఒక ఊపిరి తీసి చూసుకొని, "పీల్చమ్మా. ఈడ ఏం లేదు," అంది.

పీల్చింది. భుజాలు కదల్లేదు. ఛాతీ మెల్లగా నిండడం చూశాను. ఎప్పటి గొంతే పెట్టాను. "ఊదు, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఇంకా, చాలు." తెర మీద పచ్చ రైటు. కాసేపు ఆగి మళ్ళీ ఊదింది. రైటు. మూడోది కూడా రైటు.

"మూడు రైట్లు!" కాశింబీ కుర్చీలోంచి లేచింది. క్లిప్పు తనే పీకేసుకుంది. "అక్కా, పాసైనా గదా? పాసే గదా?"

రైటు కింద అంకె ఉంది. అంత పొడుగు పిల్లకు రావలసిన దానికి చాలా తక్కువ. మూడుసార్లూ దాదాపు అదే అంకె. ఇప్పుడు ఎవరూ దాన్ని మాట వినకపోవడం అనలేరు. ఎదుటివాళ్ళు అడగకముందే జవాబు చెప్పే డాక్టరమ్మ ఈసారి నా వైపు చూశారు. పాసు, ఫెయిలు అన్న మాటలను ఏడాదిపాటు నడవనిచ్చింది నేను. జవాబు నేనే చెప్పాలి.

"రైటు నువ్వు ఊదినదానికి కాశింబీ. ఎంత బాగా ఊదినావో చెబుతుంది," అన్నాను. "కింద అంకె నువ్వు ఇన్నాళ్ళూ పీల్చినదానికి. అది తక్కువ ఉంది. అందులో నీ తప్పు లేదు."

అది అంకె వైపు చూసింది. "శానా తక్కువా?"

"తక్కువే."

డాక్టరమ్మ మందు పీల్పించి, కాసేపు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదించారు. అంకె పెరిగింది. నిండా రాలేదు, కానీ పెరిగింది. "మందుకు లొంగుతుంది," అన్నారు హుస్సేనమ్మతో. "రోజూ పీల్చాలి. బాగుందని మానేయకూడదు." హుస్సేనమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "పీలుస్తాదమ్మా. చెప్పిన మాట ఇనే పిల్లే," అంది.

అప్పగింత

కాశింబీ జూన్‌లో పదో తరగతికి వస్తుంది. సంచిలో పుస్తకాల పక్కన పీల్చే మందు ఉంటుంది. షెడ్ల దారిలో ఇప్పటికీ పైపైనే ఊపిరి తీసుకుంటుంది. వద్దని నేను చెప్పలేదు. ఆ గాలి మారేదాకా వాళ్ళమ్మ మాటే సరైనది.

ఈ పనికి మళ్ళీ దరఖాస్తు ఎందుకు పెట్టలేదని డాక్టరమ్మ అడిగారు. గాలి వీచినప్పుడల్లా చేతులు చల్లబడే మనిషి తీసే కొలత సరిగ్గా ఉండదని చెప్పాను.

రిజిస్టరు చివరి పేజీలో కొన్ని పేర్లు రాశాను. అవన్నీ ఎర్ర ఇంటు పడిన పిల్లలవి. మొదటి పేరు నీకు ఇప్పుడు తెలుసు. గాలి లేచిన మొదటి రోజున ముందు ఆ పేర్లు పిలువు. ఎవరైనా బడికి రాకపోతే ఆ గడి ఖాళీగా వదలొద్దు. ఎందుకు రాలేదో ఇంటికి పోయి కనుక్కో. నిండా పీల్చని పిల్ల ఎదురైతే, అలా పీల్చడం ఎవరు నేర్పారో అడుగు.

మా అంగట్లో గాజులు కడ్డీలకు వేలాడుతుంటాయి. గాలి లేస్తే అవి ఒకదానికొకటి తగిలి మోగుతాయి. ఇంకా మే నెల కూడా అయిపోలేదు. నిన్న మధ్యాహ్నం నుంచి మోగుతున్నాయి.